మనుమల గేమ్ పెట్టెలో అవ్వల నలుగు పాట



వచ్చే మహాసభలో ఒక తీర్మానం పెట్టబోతున్నారని గ్రూపులో చదివినాము. మన ఇండ్లలో ఉన్న పాత పెళ్ళి క్యాసెట్లు, సంఘం ఆండువిళా క్యాసెట్లు అన్నీ కంప్యూటరులో ఎక్కించి, ఇంటర్నెట్టులో మన పేరుతో ఒక చానెల్ తెరిచి అందులో వేసేది, దాన్ని నడిపేదానికి ఒక కంపెనీకి నెలనెలా రుసుము కట్టేది. క్యాసెట్లు ఎక్కించేదానికి మేము రెండు చేతులూ ఎత్తుతాము. చానెలుకు మాత్రం ఒప్పుకోము. ఆ డబ్బుతో చేయవలసిన పని వేరే ఉన్నది, దానికి కావలసిన సామాను సగం ఇప్పటికే మన మనుమల దగ్గర ఉన్నది. ఎందుకో చెప్తాము. కొంచెం నీళ్ళ కాఫీ పెట్టుకొని కూర్చోండి, పొడుగుగానే వస్తుంది.

మేము అంటే ఇద్దరము. ఒకరు రైల్వేలో గుమాస్తాగా ఉండి రిటైర్ అయిన వారు, ఇంకొకరు పక్కన కూర్చొని "ఇది తీసెయ్యి, అది చేర్చు" అనే వారు. ఇద్దరమూ తమిళ మీడియంలో చదివినవాళ్ళమే, తెలుగు అక్షరం తర్వాత పట్టుకొన్నది. మాటల్లో తమిళం దొర్లితే అది మన మేట్టుపాళయం వాడుకే అనుకోండి.

విషయానికి వస్తాము. గేమ్ పెట్టె అంటే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్. మన వీథిలోనే లెక్క పెడితే ఏడెనిమిది ఇండ్లలో ఉన్నవి. బెంగళూరులో, కోయంబత్తూరులో ఐటీ పనిలో ఉండే బిడ్డలు తమకు కొనుక్కొని, కొత్త మోడల్ వచ్చినాక పాతది తమ్ముళ్ళకు, అక్క కొడుకులకు ఇచ్చినారు. అట్ల వచ్చినవే చాలా. వాటిని చూస్తేనే పెద్దవాళ్ళకు కోపం. బిడ్డల చదువు చెరిపే పెట్టె అని పేరు. అందులో నిజం లేదని మేము చెప్పము. కానీ ఆ పెట్టెకు ఇంకొక పని తెలుసునని చాలామందికి తెలియదు. ఒక గదిలో కంప్యూటరులో ఉన్న వీడియోను, ఇంకొక గదిలో హాలు టీవీకి తగిలించిన గేమ్ పెట్టె తెప్పించి చూపగలదు, అదీ హెచ్‌డీలో. ఇంటర్నెట్ ఉండనక్కర లేదు. రెండూ ఒకే రౌటరుకు కలిపి ఉంటే చాలు. పెట్టె "ఇంట్లో ఎవరైనా ఉన్నారా" అని పిలుస్తుంది, కంప్యూటరు "ఉన్నాను, నా దగ్గర ఇవి ఇవి ఉన్నవి" అని జవాబు ఇస్తుంది. ఫోల్డర్ల పేర్లు టీవీ మీద వస్తవి. ఆట ఆడే ఆ చేతికర్రతోనే తట్టి చూసేది.

ఇది మాయ కాదు, కొత్తదీ కాదు. 2003లో సోనీ, ఇంటెల్ మొదలైన కంపెనీలు కూడి ఒక కూటమి పెట్టుకొన్నవి. తర్వాత దాని పేరు డీఎల్ఎన్ఏ అయినది. వేరువేరు కంపెనీల సామాన్లు ఒకే ఇంట్లో ఒకదానితో ఒకటి మాట్లాడుకోవలెనని కట్టు పెట్టినది ఆ కూటమే. ఎక్స్‌బాక్స్ 360 పుట్టిన 2005 నుండే విండోస్ మీడియా సెంటర్ ఉన్న కంప్యూటరుకు తోడుపెట్టెగా పనిచేసేది. ప్లేస్టేషన్ 3 వచ్చింది 2006 నవంబరులో. 2007 మే నెలలో వచ్చిన సాఫ్ట్‌వేరుతో దానికి ఈ డీఎల్ఎన్ఏ చూపు వచ్చినది. అప్పటినుండి లోకమంతా ఆటగాళ్ళు తమ సినిమాలను ఇట్లనే చూసుకొంటున్నారు. మనం ఆలస్యం, అంతే.

కంప్యూటరు ఎక్కడిది అంటారా? 2011 నుండి తమిళనాడు ప్రభుత్వం ప్లస్ టూ చదివే బిడ్డలకు ఉచితంగా ల్యాప్‌టాప్ ఇచ్చినది కదా. ఎన్ని ఇండ్లలో అది బీరువా మీద దుమ్ము పట్టి ఉన్నదో మీకే తెలుసు. బ్యాటరీ పోయి ఉంటుంది, కరెంటులో పెడితే నడుస్తుంది. వీడియోను ఇంట్లో పంచిపెట్టే పనికి అదే ఎక్కువ. పెద్ద కంప్యూటరు అక్కర లేదు. ఒక్క షరతు మాత్రం ఉన్నది. ఆ షరతే ఈ విషయంలో అసలు సూక్ష్మం, అందరూ తట్టుకొని పడేది అక్కడనే.

మన ఊరి వాళ్ళకు దాన్ని చెప్పేది సులభం. చెన్నై నుండి నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారి మన స్టేషనుకు వస్తుంది. అది బ్రాడ్ గేజి, పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు. పక్కన నిలిచి ఉండే ఊటీ బండి మీటర్ గేజి, 1,000 మిల్లీమీటర్లు. రెండూ రైలే, రెండూ ఒకే స్టేషనులో ఉన్నవి. అయినా ఈ పెట్టె ఆ పట్టా మీద పోదు. మనుషులు దిగి మారవలె, మూటలు దించి ఎక్కించవలె. గేజి మారే చోట్లన్నిటా రైల్వేలో ఇదే పని, ట్రాన్షిప్‌మెంట్ అంటారు. వీడియో ఫైలు అనేది కూడా ఒక వ్యాగనే. లోపల రెండు మూటలు ఉంటవి, బొమ్మ మూట ఒకటి, సద్దు మూట ఒకటి. ఎంకేవీ, ఎంపీ4, ఏవీఐ అనేవి వ్యాగను పేర్లు. హెచ్ 264, డివెక్స్, ఎంపెగ్ 2 అనేవి మూట కట్టిన తీరు పేర్లు. జనం ఈ రెంటినీ కలిపి గందరగోళం చేసుకొంటారు.

ప్లేస్టేషన్ 3 పట్టా మీద ఎంకేవీ వ్యాగను పోదు. తెరమీద ఫైలు పేరే రాదు, వస్తే చదవలేనని చెప్తుంది. కానీ లోపల ఉన్న బొమ్మ మూట హెచ్ 264 అయితే, ఆ తీరు దానికి బాగా తెలిసినదే. అప్పుడు మూటను విప్పనక్కర లేదు, ఉన్నది ఉన్నట్లే ఇంకొక వ్యాగనులోకి ఎత్తి పెట్టితే చాలు. కొన్ని నిమిషాల పని. బొమ్మ ఒక చుక్క కూడా చెడదు. ఈ పాత ల్యాప్‌టాప్ కూడా అవలీలగా చేస్తుంది. మూట కట్టిన తీరే తెలియనిది అయితే కథ వేరు. మూట విప్పి, సరుకు కుమ్మరించి, మళ్ళీ కొత్తగా కట్టవలె. పార్సిల్ ఆఫీసులో పని చేసినవారికి తెలుసు, విప్పి కట్టిన ప్రతిసారీ కొంచెం సరుకు రాలుతుంది. వీడియోకూ అంతే. పైగా ఆ పనిని మనం చూస్తూ ఉండగానే కంప్యూటరు చేసుకొంటూ పోవలెనంటే ఫ్యాను గిర్రున తిరిగి, ల్యాప్‌టాప్ దోసెపెనం అయిపోతుంది. బొమ్మ ఆగి ఆగి వస్తుంది. కల్లారు దాటి పళ్ళపట్టా ఎక్కినాక ఆవిరి ఇంజన్ వెనుకనుండి తోసినట్లు ఉంటుంది. ఊటీకి 46 కిలోమీటర్లు ఐదు గంటలు పోవడం యాత్రకు బాగుంటుంది, పెళ్ళి వీడియోకు బాగుండదు.

అందుకని షరతు ఇది. విప్పి కట్టే పని ముందే, రాత్రి పడుకొనేటప్పుడు పెట్టి, ఒక్కసారి చేసి ముగించుకోవలె. హెచ్ 264 బొమ్మ, ఏఏసీ సద్దు, ఎంపీ4 వ్యాగను. ఈ మూడు ఉంటే పాత పెట్టె, కొత్త పెట్టె, ఫోను, టీవీ అన్నీ తీసుకొంటవి. పంచిపెట్టేదానికి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నవి. మేము వాడేది యూనివర్సల్ మీడియా సర్వర్. ముందు ప్లేస్టేషన్ 3 కోసమే పుట్టిన ఇంకొక ఉచిత సాఫ్ట్‌వేరు నుండి చీలి వచ్చినది ఇది. పేరును కుదించి యూఎంఎస్ అంటారు. కోయంబత్తూరు జిల్లాలో యూఎంఎస్ అంటే వయసైన వాళ్ళకు ఇంకొకటి గుర్తు వస్తుంది, జీ.డీ. నాయుడుగారి బస్సులు. 1920లో ఒక్క బస్సుతో మొదలుపెట్టిన మనిషి. ఇంట్లో ఉన్న సామానును విప్పి, ఇంకొక పనికి మార్చేది ఆయనకు ఆట. గేమ్ పెట్టెను చూసి ఉంటే మొదటిరోజే స్క్రూలు విప్పి ఉండేవారు.

తర్వాతిది లైను కెపాసిటీ. పాత ప్లేస్టేషన్ 3 వైఫై పేరుకు సెకనుకు 54 మెగాబిట్లు. మధ్యలో మన పాత ఇండ్ల మందపు గోడ ఉంటే, నిజానికి దొరికేది అందులో సగం కూడా ఉండదు. ఏవీసీహెచ్‌డీ అనే తీరులో వీడియో తీసే హ్యాండీకామ్ సెకనుకు 17 మెగాబిట్లు, గట్టిగా పెడితే 24 మెగాబిట్లు తీస్తుంది. లెక్క వేసి చూడండి, సింగిల్ లైనులో వెనుకా ముందూ బండి నిలిపినట్లే. వంటింట్లో ఎవరో ఫోనులో సీరియల్ పెట్టినారంటే హాలులో పెళ్ళికూతురు తలంబ్రాల చేయి పైకెత్తి అట్లనే నిలిచిపోతుంది. దీనికి మందు వంద, రెండు వందల రూపాయల ల్యాన్ కేబుల్. రౌటరు నుండి పెట్టెకు వైరు పట్టించినారంటే మామూలు రౌటరే 100 మెగాబిట్లు ఇస్తుంది, అన్నీ నిమ్మళంగా పోతవి. గోడ వెంబడి వైరు కనిపిస్తే ఇల్లు అందం చెడుతుందనే వాళ్ళు ఉన్నారు. మా ఇంట్లోనే ఉన్నారు. మేకు కొట్టి, రంగు పూసి ఒప్పించినాము.

హెచ్‌డీ అనే మాటను గురించి కూడా చెప్పవలె, తీర్మానంలో ఆ మాట నాలుగుసార్లు వచ్చినది. "పాత క్యాసెట్లను హెచ్‌డీగా మార్చి" అని వ్రాసినారు. వీహెచ్ఎస్ క్యాసెట్ హెచ్‌డీ కాదు, కాబోదు. కంప్యూటరులో ఎక్కించినప్పుడు మన దేశపు పాల్ తీరులో ఒక బొమ్మకు 720 అడ్డం, 576 నిలువు చుక్కలు పెట్టుకొంటుంది. మొత్తం 4,14,720. ఫుల్ హెచ్‌డీ అంటే 1920కి 1080, మొత్తం 20,73,600. సరిగ్గా అయిదింతలు. లేని నాలుగింతలు ఎక్కడినుండి వస్తవి? యంత్రం ఊహించి పూడ్చవలె. క్యాసెట్లో నిజంగా ఉన్న వివరం ఆ 4 లక్షల చుక్కలకు కూడా చాలదు. పెద్ద ఊరిలో ఒక అంగడి మా బంధువుల పెళ్ళి క్యాసెట్లు తీసుకొని "హెచ్‌డీ చేసినాము" అని దండిగా డబ్బు తీసుకొన్నది. చేసినది ఏమంటే, చతురంగా ఉన్న పాత బొమ్మను పక్కలకు లాగి వెడల్పు టీవీకి నింపినారు, అంతే. సన్నగా జొన్నకర్ర మాదిరి ఉండే మా పెద్దమ్మ అందులో గుమ్మడికాయ. మనుమరాండ్లు చూసి నవ్వుతారు, అవ్వ ఇట్ల ఉండేదా అని నమ్ముతారు కూడా. పక్కల నల్లగా ఉంటే ఉండనీ, మనిషి మనిషిగా ఉండవలె.

ఇంకొక సంగతి. మన పెళ్ళి క్యాసెట్లలో చాలావాటిలో అసలు సద్దే లేదు. 1980లలో, 90లలో వీడియో తీసిన స్టూడియోవాళ్ళు ఎడిటింగ్ చేసేటప్పుడు అంతటికీ సినిమా పాట వేసేవారు. నలుగు పెట్టేటప్పుడు అవ్వలు నలుగురు కూర్చొని నోరు విప్పి పాడుతుంటారు, మనకు వినిపించేది ఇళయరాజా. ఆయన మీద మాకు తక్కువ భక్తి ఏమీ లేదు. కానీ ఆ అవ్వలు పాడినది ఏమి? ఆ పాట తెలిసినవాళ్ళు ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? ఎడిటింగ్ చేయని మొదటి క్యాసెట్, స్టూడియోవాళ్ళు ఇచ్చినారంటే, చాలా ఇండ్లలో పరణ మీద వేరే ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరు, వంకరటింకరగా ఉంటుంది, కెమెరా నేలను చూస్తూ పరుగెత్తుతుంది. మాకు తెలిసి మూడు ఇండ్లలో అది దొరికినది. అందులో సద్దు ఉన్నది. అప్పగింతల్లో ఏడుస్తూ అత్తగారికి చెప్పే మాటలు, వంటవాళ్ళ దగ్గర కేకలు, "ఎసరు పెట్టినారా" అని ఒక పెద్దాయన అరుపు. మా లెక్కలో సంఘం మొదట ఎక్కించవలసినది ఇవి. అట్టపెట్టెలో అలంకారంగా బంగారు అక్షరాలతో ఉన్న క్యాసెట్ రెండోది.

ఇవి హాలులో పెద్ద టీవీలో వేసినప్పుడు ఏమి జరుగుతుందో మేము చూసినాము. దసరా సెలవులకు బిడ్డలు వచ్చి ఉన్నారు. ఆట ముగించి పెట్టె ఆర్పేలోగా అడిగి, ఫోల్డరు తెరిపించినాము. పెట్టె వాళ్ళదే, తెరిచేది వాళ్ళే, కాబట్టి లేచిపోలేదు. ఇది ముఖ్యము. పక్కన 80 దాటిన అవ్వ కూర్చొని ఉన్నారు. "ఇది ఎవురు?" "మీ తాతకు చెల్లెలు." "ఏమి చెప్తాండాది?" అవ్వ చెప్పినారు. రెండు నిమిషాలకు మళ్ళీ ఒక ప్రశ్న. ఎసరు అంటే ఏమి అని ఏడో తరగతి చదివే పిల్ల అడిగినది. ఉలై అని చెప్తే గాని అర్థం కాలేదు. సంగటిని కళి అనే వాళ్ళు, నిచ్చెనను ఏణి అనే వాళ్ళు, మంచాన్ని కట్టిల్ అనే వాళ్ళు. తప్పు వాళ్ళది కాదు, ఊరంతా అదే మాట, బడిలో అదే మాట. మనకు తెలుగు బడి లేదు, పత్రిక లేదు, అంగడి బోర్డు మీద తెలుగు లేదు. మన తెలుగు వినిపించే చోటు ఒక్కటే, ఇల్లు. ఇంట్లో కూడా వంటిల్లు దాటి రావడం లేదు. ఆ రాత్రి గంటన్నర అది హాలులో ఉండినది.

ఇదే వీడియోను ఫోనులో పంపితే ఏమయ్యేది? మేము అదీ చూసినాము. గ్రూపులో వేస్తే పది బొటనవేళ్ళు, ఆరు పూలదండలు వస్తవి. ఒక్కొక్కరు ఒక్కొక్క మూల కూర్చొని పది సెకన్లు చూసి తోసేస్తారు. ఎవరూ ఎవరినీ "ఇది ఎవరు" అని అడగరు. అడిగేదానికి పక్కన మనిషి ఉండవలె కదా. చానెలుకు మా మొదటి అడ్డు ఇదే. చానెల్ ఉంటే అందరూ చూస్తారని అంటున్నారు. చూసేది ఫోనులో, ఒంటరిగా.

రెండోది, మానం మర్యాద. ఆ క్యాసెట్లలో ఉన్నది మన ఆడవాళ్ళు. ఇంట్లో పసుపు పూసుకొంటూ, ఏడుస్తూ, నవ్వుతూ ఉన్నవాళ్ళు. పెళ్ళినాడు కెమెరా చూసినప్పుడు ఇది బంధువులు చూస్తారని ఒప్పుకొన్నారు, లోకం చూస్తుందని కాదు. కొందరు ఇప్పుడు లేరు, అడిగేదానికి లేదు. తర్వాత విడిపోయిన జంటలు ఉన్నారు. 86 ఏండ్ల ఒక పెద్దావిడను అడిగితే, "మనోళ్ళు చూస్తే సరి, ఊరోళ్ళకు ఏమి పని" అన్నారు. ఇంట్లోని కంప్యూటరులో ఉంటే ఆమె మాట నిలబడుతుంది.

మూడోది, ఆ సినిమా పాటలే. వీడియో సైట్లలో యంత్రాలు పాటను గుర్తుపట్టి హక్కుదారుకు చెప్తవి. ఆ వీడియోకు సద్దు ఆపవచ్చు, తీసేయవచ్చు, ఆదాయం వాళ్ళకు పోవచ్చు. మన అవ్వల నోరును ఒకసారి స్టూడియోవాళ్ళు మూసినారు. మళ్ళీ ఇంకొకసారి యంత్రం మూసేదానికి మనం నెలనెలా డబ్బు కట్టవలెనా?

ఎదురు చెప్పేవాళ్ళ మాటలోనూ న్యాయం ఉన్నది. చెన్నైలో, అమెరికాలో ఉన్నవాళ్ళు ఎట్ల చూస్తారు అని ఒక తమ్ముడు అడిగినాడు. నిజమే, ఇంటి రౌటరు ఇంటి గోడల వరకే. వాళ్ళకు హార్డ్ డిస్కులో కాపీ ఇద్దాము, పొంగలుకు వచ్చినప్పుడు తీసుకొని పోనీ. వాళ్ళ ఇంట్లో కూడా ఒక గేమ్ పెట్టె ఉంటుంది. ఇంకొకరు, "ఇప్పటి స్మార్ట్ టీవీ తానే చూపుతుంది, గేమ్ పెట్టె ఎందుకు" అన్నారు. చాలా టీవీలు చూపుతవి, ఉన్నవాళ్ళు అట్లనే చూడండి, మాకు పెట్టె మీద మోజు లేదు. కానీ సంఘంలో స్మార్ట్ టీవీ ఉన్న ఇండ్లు ఎన్ని? పాత టీవీ, దానికి పెట్టె తగిలించి ఉన్న ఇండ్లు ఎన్ని? బిడ్డలు తమంతట తాము వచ్చి కూర్చొనే చోటు ఏది?

పెట్టెను నమ్మి కూర్చోమని మేము చెప్పడం లేదు, ఇది గట్టిగా పట్టుకోండి. కంపెనీ ఇచ్చిన తలుపు కంపెనీయే మూస్తుంది. ప్లేస్టేషన్ 3లో ఉన్న ఈ సౌకర్యం 2013లో ప్లేస్టేషన్ 4 వచ్చినప్పుడు లేదు. జనం అడిగి అడిగి 2015లో మీడియా ప్లేయర్ అని ఒకటి వచ్చినది. ప్లేస్టేషన్ 5లో మళ్ళీ లేదు. అందులో చూడవలెనంటే ప్లెక్స్ వంటి యాప్ పెట్టుకోవలె. ఎక్స్‌బాక్సులో ఇప్పటి మోడళ్ళకు వీఎల్‌సీ, కోడి దొరుకుతవి, అది కొంచెం నయం. విండోస్ మీడియా సెంటర్ విండోస్ 10 రాగానే పోయినది. ఇన్ని కంపెనీలను కూర్చిన ఆ డీఎల్ఎన్ఏ కూటమియే 2017లో మూసుకొన్నది. వాళ్ళు పెట్టిన కట్టు మాత్రం ఇంకా నడుస్తూ ఉన్నది, లైను వేసిన కంపెనీ పోయినా బండి పోయినట్లు. కాబట్టి కాపాడవలసినది ఫైలు. పెట్టె మారుతుంది, రేపు ఇంకొకటి వస్తుంది. క్యాసెట్ నుండి వచ్చిన మొదటి ఫైలును ఎవరూ ముట్టకూడదు. చూసేదానికి ఎంపీ4 కాపీ వేరే. రెండూ మూడు ఇండ్లలో, మూడు డిస్కులలో. అందులో ఒకటి ఊరు బయట ఉండవలె. భవాని ఒడ్డున ఉన్న ఇండ్లవాళ్ళకు ఎందుకో చెప్పనక్కర లేదు.

పాత క్యాసెట్టు సంగతి చెప్పినాము, ఇక నిజమైన హెచ్‌డీ సంగతి. అది ముందు ఉన్నది, వెనుక లేదు. మన దగ్గర 80 దాటిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్ళ నోటిలో ఉన్న తెలుగు మన నోటిలో లేదు. ఈ రోజు చేతిలో ఉన్న ఫోను 1080 చుక్కల బొమ్మ తీస్తుంది, ఆ కాలపు స్టూడియో కెమెరా అంతా కలిపినా దీనికి సాటి రాదు. కిటికీ వెలుతురు మొహం మీద పడేట్లు కూర్చోపెట్టి, ఫ్యాను ఆర్పి, ఫోనును అడ్డంగా పట్టి, అడగండి. నలుగు పాట పాడమని అడిగితే సిగ్గుపడతారు. మీ పెళ్ళికి ఎవరు పాడినారు అని అడిగితే తామే పాడి చూపుతారు, ఇది అనుభవం. పొడుపుకథలు అడగండి, వంటలు అడగండి, ఎవరు ఎవరికి ఏమి కావలెనో ఆ వరుసలు అడగండి. ఫోను సెట్టింగులో వీడియో తీరును హెచ్ 264కు పెట్టుకోండి. కొత్త ఫోన్లు జాగా మిగిల్చేదానికి హెచ్ 265లో తీస్తవి, ఆ మూటను ప్లేస్టేషన్ 3 విప్పలేదు. ఒక గంటకు సెకనుకు 17 మెగాబిట్ల లెక్కలో ఏడున్నర జీబీ దాకా అవుతుంది. పెన్ డ్రైవులో వేసి నేరుగా పాత పెట్టెకు గుచ్చుదామంటే అది ఫ్యాట్ 32 తీరు డ్రైవునే చదువుతుంది, అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. వైరు వేసి కంప్యూటరునుండి పంపితే ఆ అడ్డు లేదు. దానికే ఇంత చెప్పడం.

ఇక డబ్బు. చానెలుకు ఒక సంవత్సరం రుసుము అని తీర్మానంలో పెట్టిన మొత్తంతో క్యాసెట్ ఎక్కించే కార్డు ఒకటి, హార్డ్ డిస్కులు మూడు, ఒక చుట్ట ల్యాన్ కేబుల్ వస్తవి. వచ్చే సంవత్సరం మళ్ళీ కట్టవలసినది ఏమీ లేదు. ల్యాప్‌టాప్ మా ఇంటిది ఇస్తాము. వైరు వేసేదానికి, సాఫ్ట్‌వేరు పెట్టేదానికి ప్లస్ టూ చదివే నలుగురు పిల్లలు వస్తామని మాట ఇచ్చినారు. ఆ నలుగురూ ఆట పిచ్చివాళ్ళే, తల్లిదండ్రులు వాళ్ళను ఆ ఆదివారాలు తిట్టకుండా ఉంటే చాలు.

లేనిది ఒక్కటే, మంచి వీసీఆర్. లోకంలో కడపటి వరకు వీసీఆర్ చేసిన ఫునాయ్ అనే జపాన్ కంపెనీ 2016 జూలైతో ఆపేసినది. కొత్తది దొరకదు. ఎవరింట్లో నడిచే స్థితిలో ఉన్నదో, హెడ్డు బాగున్నదో గ్రూపులో చెప్పండి. క్యాసెట్లను ఒకసారి బయటికి తీసి చూడండి. కిటికీలోనుండి టేపు మీద తెల్లగా బూజు కనిపిస్తే ఆ క్యాసెట్టును ఏ మెషీనులోనూ పెట్టకండి, హెడ్డు పోతుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకు కూడా అంటుతుంది. అవి వేరే సంచిలో కట్టి, పేరు వ్రాసి మాకు ఇవ్వండి. ఐప్పసి వానలు మొదలైతే బూజు ఇంకా ముదురుతుంది, దానికి ముందే ఇవ్వండి. ఎడిటింగ్ చేయని క్యాసెట్లు ఉంటే మొదట అవి.